అడుసు తొక్కిన కాళ్లతో వెళ్లదగ్గ చోటు

విశాఖపట్నంలో పరుగెత్తేవాళ్లకు కొదవ లేదు. వాహనాలను ఆపేసే తెల్లవారుజామున ఆర్.కె. బీచ్ రోడ్డు మీదికి ఒక్కసారి వెళ్లినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పరుగు ముగిశాక ఆ కాళ్లను ఏం చేయాలో తెలిసిన చోట్లు మాత్రం ఊళ్లో తక్కువే. వర్షాకాలంలో అరకు వైపు కొండల్లో జరిగిన 50 కిలోమీటర్ల ట్రెయిల్ అల్ట్రాను (కొండదారుల్లో సాగే సుదీర్ఘ పరుగును), అదీ జీవితంలో మొదటిదాన్ని, పూర్తి చేసిన తర్వాత నేను ఎంవీపీ కాలనీలోని ఈ ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లాను. అడిగినవన్నీ చేసిపెట్టి డబ్బు తీసుకునే బదులు, చేయకూడనిదాన్ని చేయబోమని కస్టమర్ మొహం మీదే చెప్పగలగడం ఈ కేంద్రంలో నాకు నచ్చిన ముఖ్య గుణం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లకు మించిన ఏ పరుగైనా అల్ట్రాయే. ఆ లెక్కన 50 కిలోమీటర్లు అల్ట్రాల్లో చిన్నది. అయితే బీచ్ రోడ్డు తారు మీద పరుగెత్తే 50కీ, కాఫీ తోటల మధ్య జారే ఎర్రమట్టి మీద, మోకాలి లోతు గెడ్డలు (వాగులు) దాటుతూ పరుగెత్తే 50కీ పోలిక లేదు. ఇక్కడి తూర్పు కనుమల్లో కొండరాయి శిథిలమై ఏర్పడిన ఎర్రటి బంకమన్ను వాన తడికి బూటు అడుగున పట్టుకుని వదలదు. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో బూటు రెండింతల బరువెక్కుతుంది. ఎక్కేటప్పుడు ముందుకు వేసిన అడుగులో కొంత వెనక్కి జారిపోతుంది. దిగేటప్పుడు జారకుండా నిలదొక్కుకోవడానికి తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. కండరం కుదించుకుంటూ చేసే పనికంటే సాగుతూ చేసే ఈ పనిలోనే దాని పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. దానికితోడు కాలు పక్కకు జారిన ప్రతిసారీ తొడ లోపలి కండరాలూ, చీలమండ వెలుపలి వైపు కండరాలూ శరీరాన్ని పట్టి ఆపాలి. రోడ్డు మీద పరుగెత్తేవారి కాళ్లకు ఈ పని దాదాపు తగలదు. అందుకే ఎన్నో రోడ్డు మారథాన్లు పూర్తి చేసినవారు కూడా బురద పరుగు మర్నాడు, ఎన్నడూ నొప్పి ఎరగని చోట్ల నొప్పులతో లేస్తారు.

ఈ తేడా తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరకడం అదృష్టమే. నన్ను చూసిన ఆవిడ ముందుగా పరుగు దూరం అడగలేదు, ఎంత సమయం పట్టిందనీ అడగలేదు. బల్ల మీద పడుకోమనడానికి ముందే, "సార్, మూత్రం ఏ రంగులో వస్తోంది?" అని అడిగారు. పక్క కుర్చీలో మోకాలి నొప్పికి వచ్చిన పెద్దాయన పేపరులోంచి తల ఎత్తి చూశారు గానీ, ప్రశ్న మాత్రం సరైనది. కండరాలు విపరీతంగా దెబ్బతిన్నప్పుడు వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరి, మూత్రపిండాల మీద భారం వేస్తుంది. అప్పుడు మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. అలా మారినా, మూత్రం బాగా తగ్గిపోయినా, కండరాలు వాచి బలం లేకుండా పోయినా వెళ్లవలసింది ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాదు, ఆసుపత్రికి. నొప్పి మాత్రలు ఏమైనా వేసుకున్నారా అన్నది రెండో ప్రశ్న. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలకు వెళ్లే రక్తప్రసరణను తగ్గిస్తాయి కాబట్టి, చెమటతో ఒళ్లు ఎండిపోయి కండరాలు దెబ్బతిన్న స్థితిలో వాటిని మింగడం ప్రమాదం. మనవాళ్లు మందుల షాపులో చీటీ లేకుండానే కొని, పరుగుకు ముందే ఒకటి వేసుకునే అలవాటు ఎంతగా పాకిందో తెలిసినవారికి ఈ ప్రశ్న విలువ అర్థమవుతుంది.

మసాజ్ విషయానికి వద్దాం. అల్ట్రా ముగించిన చాలామంది మర్నాడే ఏదో ఒక స్పాకు వెళ్లి, "గట్టిగా నొక్కండి" అని అడిగి మరీ డీప్ టిష్యూ మసాజ్ చేయించుకుంటారు. ఇక్కడ నేను కూడా మసాజ్ ఉంటుందన్న అంచనాతోనే వెళ్లాను. ఆవిడ తొడల మీద, పిక్కల మీద తేలికగా చేయి ఆనించి చూసి, ఇప్పుడు లోతుగా నొక్కితే ఇప్పటికే వాచిన పోగులను మరింత ఇబ్బంది పెట్టడమే అవుతుందని, కావాలంటే పైపైన నిమిరినట్టు కొద్దిసేపు చేస్తామని, దానివల్ల నొప్పి కొంత తగ్గినట్టు అనిపిస్తుందే తప్ప కండరం త్వరగా బాగుపడిపోదని విడమరచి చెప్పారు. ఇలాంటి నొప్పి పరుగు తర్వాత 24 గంటల నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి చేరి ఆపైన దానంతటదే తగ్గుతుంది. కాబట్టి మూడో రోజున ఏ చికిత్స చేసినా నాలుగో రోజుకు అది పనిచేసినట్టే కనిపిస్తుంది. ఈ చిన్న కిటుకు మీదే ఎన్ని ప్యాకేజీలు బతుకుతున్నాయో! ఆ రహస్యాన్ని కస్టమర్‌కు ముందే చెప్పేసిన కేంద్రాన్ని నేను నమ్మడానికి అదొక్కటే చాలు.

ఆ తర్వాత ఆవిడ చేసినది పరీక్ష. చీలమండ వెలుపలి వైపు వాపు ఉంది గనక బెణుకా, ఎముక చిట్లిందా అన్నది తేల్చవలసి వచ్చింది. ఒట్టావా నియమాలని అత్యవసర వైద్యులు వాడే పద్ధతి ఒకటి ఉంది. గాయమైన వెంటనే, పరీక్ష చేసేటప్పుడు కూడా, అంటే రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గూటి ఎముకల వెనుక అంచున చివరి 6 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి పుట్టినా, పాదం మధ్యలో నిర్దిష్టమైన రెండు ఎముకల మీద నొక్కినప్పుడు నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి, లేకపోతే ఆ అవసరం చాలా అరుదు. ఆవిడ ఆ చోట్లన్నీ వేలితో ఒక్కొక్కటిగా నొక్కి, నడిపించి చూసి, ఎక్స్‌రే అక్కర్లేదని తేల్చారు. చిన్న బెణుక్కి కూడా ఎమ్మారై రాసిచ్చే రోజుల్లో ఈ తీర్పు జేబుకు ఎంత ఊరట! కాలి ముందు ఎముక మీద ఒకే బిందువు దగ్గర నొప్పి గుచ్చినట్టు ఉంటే, నడిచేకొద్దీ పెరుగుతుంటే మాత్రం దాన్ని కండర నొప్పిగా కొట్టిపారేయకుండా మళ్లీ రమ్మన్నారు. అలసట వల్ల ఎముకలో వచ్చే సన్నని బీట మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు.

పాదాల చర్మం గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడే చోటు నేను మరొకటి చూడలేదు. గంటల తరబడి తడి సాక్సుల్లో నానిన అరికాలు తెల్లబడి, ముడతలు పడి, మెత్తబడుతుంది. ఆ చర్మం మీద ఇసుక రేణువు ఒరిపిడి చాలు, పొక్కు లేస్తుంది. వాటిని సబ్బుతో కడిగి, తుడిచి, గాలికి ఆరనివ్వడమే అసలు వైద్యమని, పగలని పొక్కుల జోలికి వెళ్లవద్దని, నల్లబడిన గోరు నొప్పి లేకపోతే దాని మానాన దాన్ని వదిలేయమని చెప్పారు. గీసుకుపోయిన చోట్లు చూసి టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారని అడిగారు. మట్టి పట్టిన గాయమైతే చివరి డోసు తీసుకుని 5 ఏళ్లు దాటినవారు మళ్లీ వేయించుకోవడం మంచిది. అంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన బురదనీటి నుంచి గాయాల ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. దాని లక్షణాలు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, అరుదుగా నెల రోజుల లోపు కూడా బయటపడతాయి. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. పిక్కల నొప్పి ఎలాగూ ఉండే ఆ రోజుల్లో జ్వరాన్ని పరుగు అలసట కింద జమకట్టే ప్రమాదం ఉంది కాబట్టి, జ్వరం వస్తే గెడ్డల్లో, బురదలో తిరిగిన విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పాలన్నారు. ఫిజియోథెరపీకి వెళ్లి ఈ మాట వినడం నేను ఊహించనిది.

కోలుకునే ప్రణాళిక కాగితం మీద రాసి ఇచ్చారు, అదీ తెలుగులో. మొదటి రోజుల్లో చదునైన నేల మీద నడక మాత్రమే. దానికి బీచ్ రోడ్డుకు మించింది లేదు. నీళ్లలో నడవాలనిపిస్తే ఈతకొలనుకే వెళ్లాలి గానీ, లోపలికి లాగే అలలున్న ఆర్.కె. బీచ్‌లో దిగవద్దని నొక్కి రాశారు. నిషేధాల జాబితాలో సింహాచలం మెట్లు మొదటి వరుసలో ఉన్నాయి. మొక్కు తీర్చుకోవడానికి అయినా సరే, ఎక్కితే ఎక్కండి, దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి అన్నది సలహా. మెట్లు దిగడమంటే తొడ కండరాల మీద పరుగులోని దిగుడునే తిరిగి రుద్దడం. కైలాసగిరి, కంబాలకొండ దారులు ఆ తర్వాతి వంతు. మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకోవలసిన అవసరం లేకుండా పోయాక, ఒంటికాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగాకే పరుగు మొదలుపెట్టాలన్నది ఆవిడ కొలత. తేదీలు ఇవ్వకుండా ఇలా శరీరం చూపే గుర్తులు ఇవ్వడం నాకు నచ్చింది. ఒకరి కాలికి పట్టే వ్యవధి ఇంకొకరి కాలికి పట్టదు కదా.

తిండి విషయంలో కేంద్రం వైఖరి క్లుప్తం. కిలో శరీర బరువుకు సుమారు 0.3 గ్రాముల చొప్పున ప్రోటీన్ ప్రతి పూటా అందేలా గుడ్డో, పప్పో, చేపో తినమన్నారు, అన్నం తగ్గించవద్దన్నారు. మా ఇంట్లో ఉదయం ఎలాగూ ఉండే చోడి (రాగి) అంబలికి చిటికెడు ఉప్పు వేసుకోమనడం తప్ప డబ్బాల పొడుల ప్రస్తావనే రాలేదు. అమ్మకానికి అలమరలో ఆ డబ్బాలు ఉన్నప్పటికీ!

లోపాలు లేవని కాదు. కేంద్రం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లు దిగవద్దని రాసిచ్చిన కాగితాన్ని చేతిలో పట్టుకుని అవే మెట్లు దిగవలసి రావడం రోగులందరూ ఏదో ఒక రోజు నవ్వుకునే విషయమే గానీ, మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్న పెద్దవాళ్లకు అది నవ్వులాట కాదు. కిందనున్న ఆయమ్మ "నెమ్మదిగా, నెమ్మదిగా బాబూ" అంటూ చేయి అందిస్తుంది. ఆమె మంచితనం భవనం లోపాన్ని కప్పిపుచ్చకూడదు. వాహనం ఆపుకోవడానికి చోటు లేదు. రిసెప్షన్‌లో గాలితో కాళ్లను నొక్కే కంప్రెషన్ బూట్ల ప్యాకేజీ, మంచు నీటి తొట్టి ప్యాకేజీ గురించి ఉత్సాహంగా చెబుతారు. లోపల ఆవిడ మాత్రం 10 నుంచి 15 డిగ్రీల నీటిలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గినట్టు అనిపిస్తుందని, బలం పెంచే వ్యాయామాల తర్వాత రోజూ అలా కూర్చుంటే కండరం పెరుగుదల కొంత తగ్గవచ్చని నిజం చెబుతారు. ఒకే గూటిలో ఈ రెండు మాటలు వినబడటం బాగాలేదు. లోపలి మాటనే బయట కూడా చెప్పే ఏర్పాటు యాజమాన్యం చేయాలి. ఫీజు నగరంలోని పెద్ద ఆసుపత్రుల కంటే తక్కువ, వీధి చివరి క్లినిక్కు కంటే ఎక్కువ. మొదటిసారి పరీక్షకు తీసుకున్న సమయం చూస్తే అది న్యాయమైన ధరే.

ఒళ్లు నొక్కించుకుని హాయిగా నిద్రపోవాలనుకునేవారికి ఇది సరైన చోటు కాదు, స్పాలు అందుకే ఉన్నాయి. మొదటిసారి ట్రెయిల్ అల్ట్రా పరుగెత్తి, ఒంట్లో పుట్టిన కొత్త నొప్పుల్లో వేటిని పట్టించుకోవాలో వేటిని వదిలేయాలో తెలియని వారు మాత్రం తప్పక వెళ్లవచ్చు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ గనక వారం మధ్యలో ఫోన్ చేసి సమయం తీసుకోవడం మంచిది. పొట్టి నిక్కరు వేసుకుని వెళ్లండి. పరుగులో వేసుకున్న బూట్లను కూడా సంచిలో వెంట తీసుకెళ్లండి. అడుగు ఏ వైపు ఎక్కువ అరిగిందో, లోపల మడమ దగ్గర బట్ట ఎక్కడ చిరిగిందో చూడకుండా ఆవిడ పరీక్ష మొదలుపెట్టరు, బూట్లు లేకపోతే మళ్లీ రమ్మంటారు.