వైజాగ్‌లో రెండు రోజులు: సీ వ్యూ గదికి డబ్బులు తగలేశాక తెలిసిన సంగతులు

తొమ్మిదేళ్లుగా హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లొస్తున్నాను. ఏడాదికి రెండు మూడు సార్లు, శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, ఆదివారం సాయంత్రం మళ్లీ అదే గోదావరిలో వెనక్కి. అక్కడ చుట్టాలెవరూ లేరు కాబట్టి ప్రతిసారీ గది తీసుకోవాల్సిందే, బయట తినాల్సిందే. ఇన్నిసార్లలో నేను చేయని తప్పు లేదు. ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అని అడిగే ప్రతివాళ్లకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు గది సంగతి. అందరిలాగే నేనూ మొదట్లో బీచ్ రోడ్డులో సీ వ్యూ గది బుక్ చేశాను. హోటల్ పేరు వద్దులెండి. సముద్రం కనిపించలేదని అబద్ధం చెప్పను, కనిపించింది. బాల్కనీలోకి వెళ్లి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద ఒక చెయ్యి ఆనించి, మెడ సాచి చూస్తే రెండు అపార్ట్‌మెంట్ల సందులో చీర అంచంత నీలం. ఆ అంచుకి రోజుకి పదిహేను వందలు ఎక్కువ. కిందికెళ్లి అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు చాలా మర్యాదగా "ఇది సీ వ్యూ సార్, సీ ఫేసింగ్ వేరే కేటగిరీ" అన్నాడు. దానికేం సమాధానం చెప్తాం! ఉప్పుగాలికి బాత్‌రూమ్ కొళాయి తుప్పు పట్టి, తిప్పినప్పుడల్లా కీచుమనేది. మా అమ్మాయికి అదో ఆట.

అయినా రోజంతా ఎలాగూ ఇసుకలోనే ఉంటాం, గదికి చేరేది పడుకోవడానికే. ఆర్కే బీచ్‌కి టికెట్ లేదు. తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, ఆ వేళకి ఆటోలో వెళ్లి నడిస్తే ఏ సీ ఫేసింగ్ గదీ దాని ముందు పనికిరాదు. నిజంగా సముద్రం కోసమే డబ్బు పెట్టాలనిపించిన చోటు ఒక్కటే, రుషికొండ మీద టూరిజం వాళ్ల పాత హరిత రిసార్ట్. అది తీసేశారు. ఆ కాటేజీల మెట్ల మీద కూచుని తాగిన టీ ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని అయిదారేళ్లుగా నా మకాం ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట వైపే. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, స్టేషన్ దగ్గర, బీచ్‌కి ఆటోలో పది పదిహేను నిమిషాలు. సింహాచలం వెళ్లాలన్నా, రుషికొండ, భీమిలి వెళ్లాలన్నా కాంప్లెక్స్ నుంచే బస్సు. రుషికొండ, భీమిలి వైపు 900కె ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకుంటే సగం దారి సముద్రమే. ఆటోవాళ్లు "ఏటి బాబూ, ఎటెల్తారు" అని ఎంత ప్రేమగా పిలిచినా బేరం ముందే తేల్చుకోండి. పిలుపుకీ రేటుకీ సంబంధం ఉండదు.

గది తీసుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఏసీ గురించీ కాదు, వైఫై గురించీ కాదు: "చెకౌట్ ట్వంటీఫోర్ అవర్సా, పన్నెండింటికా?" గోదావరి తెల్లవారకముందే దింపేస్తుంది. పన్నెండింటి హోటలయితే ఆరేడు గంటలు లాబీ సోఫాలో సామాను కాళ్ల మధ్య పెట్టుకుని కునికిపాట్లు పడాలి, లేదా ఎర్లీ చెకిన్ అని సగం రోజు అద్దె అదనంగా కట్టాలి. ఇరవై నాలుగు గంటల లాడ్జిలో దిగగానే తాళం చేతికొస్తుంది. కాకపోతే ఆదివారం పొద్దున్నే ఖాళీ చేయాలి, అప్పుడు సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేయడమే. అక్కడ తాళం లేని బ్యాగు తీసుకోరు, చిన్న తాళం ఇంటి నుంచే తెచ్చుకోండి. ఒక్కడినే అయితే రైల్వే రిటైరింగ్ రూమే వాడతాను. టికెట్ పీఎన్‌ఆర్‌తో ఆన్‌లైన్‌లో బుక్ అవుతుంది, పన్నెండు గంటలకి కూడా ఇస్తారు. పెద్ద సోకులేమీ ఉండవు, పడుకోవడానికి చాలు.

ఇక తిండి. పొద్దున టిఫిన్ ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్. రద్దీగా ఉంటుంది, టేబుల్ కోసం నిలబడాలి, అయినా వెళ్తాను. మధ్యాహ్నం శాకాహార భోజనానికి దసపల్లా హోటల్లో ధరణి. పప్పు, పొడి, నెయ్యి, ఆ వరసలో తినేసరికి కూరలకి చోటుండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మరో ఆలోచన పెట్టుకోకండి.

చేపల దగ్గర మాత్రం కాస్త తెలిసి వెళ్లాలి. మనం వంజరం అనేదాన్ని అక్కడ కోనాం అంటారు. వేపుడుకి అదీ, చందువా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. మేము ఓ మే నెలలో వెళ్లి చేపల పులుసు కోసం రెండు హోటళ్లు తిరిగాం. దొరికిన ముక్క ఐసులో ఎన్నాళ్లున్నదో ఏమో, పీచులా విడిపోయింది, ధర మాత్రం ఎక్కువే. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఆ నెలల్లో చేప మీద ఆశ పెట్టుకోకుండా కోడి, రొయ్యలతో సరిపెట్టుకోండి.

సాయంత్రం మాత్రం ఏ హోటలూ వద్దు, బీచ్‌లో మూరీ మిక్స్చర్. బండి దగ్గర నిలబడి చూడండి: డబ్బాలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమామిడి, వేరుశెనగలు వేసి, కారం జల్లి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకమని కలిపేస్తాడు, ఆ చప్పుడు సముద్రం హోరులో కూడా వినపడుతుంది. కాగితం పొట్లంలో పోసి, పైన అట్టముక్క చెంచా గుచ్చి ఇస్తాడు. అయిదు నిమిషాల్లో తినేయాలి, మెత్తబడిందంటే ఇక అంతే. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది కాబట్టి శనివారమే కానిచ్చేయండి. పిల్లల్ని ఆర్కే బీచ్‌లో లోతుకి పంపొద్దు, అలలు లాగేస్తాయి. కాళ్లు తడుపుకోవడం వరకే. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే గుర్తింపు) వచ్చిన రుషికొండ పిల్లలకి మేలు, అక్కడ కూడా గార్డు చెప్పిన గీత దాటకుండా.

కురుసుర జలాంతర్గామి మ్యూజియం బీచ్ రోడ్డులోనే. సోమవారం సెలవు, లాంగ్ వీకెండ్ వాళ్లు చూసుకోండి. లోపల ఆ ఇరుకు బంకులు చూశాక మన లాడ్జి గది ప్యాలెస్‌లా ఉంటుంది.

అరకు కూడా ఇందులోనే ఇరికిద్దామంటారు చాలామంది. ఒకసారి చేశాం. దగ్గరదగ్గర 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, మా అమ్మాయికి వాంతులు, బొర్రా గుహల దగ్గర గంట, వెనక్కి వచ్చేసరికి రాత్రి. వైజాగూ చూడలేదు, అరకూ చూడలేదు. దానికి వేరే సెలవు పెట్టుకోండి.

వచ్చేటప్పుడు మాడుగుల హల్వా తెచ్చుకుంటాం, గోధుమపాలతో చేసేది. కాంప్లెక్స్ చుట్టుపక్కల దొరుకుతుంది. అరకిలో కొంటే రైలు అనకాపల్లి దాటేలోపే పై బెర్తువాళ్లకి కూడా పంచాల్సొస్తుంది, అందుకే నేను కిలో కొంటాను, అరకిలో బ్యాగు అడుగున దాచి.