కాలస్ పాడిన చోట్లు: మిలాన్, వెరోనా, వెనిస్, ఏథెన్స్

ఒపేరా (మొదటి నుంచి చివరిదాకా పాటతో నడిచే నాటకం) గాయని మరియా కాలస్ గొంతు మా ఇంటికి నాన్న తెచ్చిన ఒక క్యాసెట్‌తో వచ్చింది. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా అక్కా నేనూ అది అరిగిపోయేదాకా విన్నాం. ఈ జులైలో ఇద్దరికీ పది రోజుల సెలవు కుదిరింది. ఆమె పాడిన ఊళ్లు చూసొద్దామని బయల్దేరాం. వెళ్లాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వెరోనా గురించి చెప్పాలి. అక్కడి అరీనా అనే ఆరుబయలు రంగస్థలం రోమన్లు మొదటి శతాబ్దంలో కట్టింది. 1913లో అక్కడ వేసవి ఒపేరాలు మొదలయ్యాయి. 1947 ఆగస్టు 2న ‘లా జొకొండా’తో కాలస్ ఇటలీలో తొలిసారి పాడింది ఈ రాళ్ల మధ్యే. అప్పటికామెకు 23 ఏళ్లు. న్యూయార్క్‌లో గ్రీకు దంపతులకు పుట్టి, 1937లో తల్లితో ఏథెన్స్ వెళ్లి అక్కడే సంగీతం నేర్చుకున్న అమ్మాయి. వెరోనాలోనే పరిచయమైన మెనెగిని అనే వ్యాపారిని 1949లో పెళ్లి చేసుకుంది. ఆయన వయసులో ఆమెకన్నా చాలా పెద్దవాడు.

మేము ‘ఐదా’ అనే ఒపేరాకి అన్నిటికన్నా చవక టికెట్ తీసుకున్నాం. అంటే పైన రాతి మెట్లు, సీటు నంబర్ ఉండదు. రెండు గంటల ముందే వెళ్తే మధ్యలో మంచి చోటు దొరికింది. పగలంతా ఎండకు కాగిన రాయి రాత్రి పదింటికి కూడా వెచ్చగానే ఉంది. మెత్త అద్దెకు తీసుకోండి, లేకపోతే నడుం పట్టేస్తుంది. చీకటి పడుతుండగా జనం చిన్న చిన్న కొవ్వొత్తులు వెలిగించారు. కార్తీకమాసంలో కోనేటి మెట్ల మీద దీపాలు చూసినట్టే అనిపించింది.

మూడో అంకంలో ఐదా ఒంటరిగా తన దేశాన్ని తలుచుకుంటూ పాడుతుంది. ఇది సోప్రానో పాత్ర; సోప్రానో అంటే ఆడవారి గొంతుల్లో అందరికన్నా పై స్థాయిలో పాడేది. అంత పెద్ద ఆరుబయలు దాటి, వాద్యాలన్నిటినీ దాటి, సన్నగా ఎత్తుకున్న పై స్వరం పై మెట్టు మీదున్న మా దాకా వచ్చింది. 23 ఏళ్ల అమ్మాయి ఇక్కడ నిలబడి ఎంత ఊపిరి బిగబట్టి ఉంటుందో అప్పుడు తెలిసింది. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆట అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది, అందుకే బస పాత ఊళ్లోనే చూసుకోండి. మేము డబ్బు కలిసొస్తుందని స్టేషన్ దగ్గర దిగాం. గదిలో ఏసీ పనిచేయలేదు, చెప్పినా ఎవరూ రాలేదు. పైగా ఆ టైములో ఇరవై నిమిషాల నడక. శాకాహారులకు తిండి ఇబ్బంది లేదు. టమాటా పాస్తా, గుమ్మడికాయ రిసోట్టో (మెత్తగా వండిన అన్నం) దొరుకుతాయి. రిసోట్టోలో మాంసం పులుసు పోస్తారేమో అడిగి తీసుకోండి.

వెరోనా నుంచి రైల్లో దెసెంజానో, అక్కడి నుంచి పడవలో సిర్మియోనే. గార్డా సరస్సులోకి చొచ్చుకెళ్లిన సన్నటి నేల అది. పెళ్లయ్యాక కాలస్ సెలవులు గడిపిన ఇల్లు అక్కడే ఉంది, కానీ బయటి నుంచే చూడాలి. నీళ్లు అందంగా ఉన్నాయి, జనం మాత్రం విపరీతం. ఒక పూట చాలు.

మిలాన్‌లో లా స్కాలా ఒపేరా థియేటర్ మ్యూజియం తప్పక చూడండి. రిహార్సల్ లేని రోజైతే బాల్కనీ గదుల్లోంచి హాలు లోపలికి చూడనిస్తారు. 1951 డిసెంబర్ 7న ఆ ఏటి సీజన్ ఆమె పాటతోనే మొదలైంది. ఎన్నో ఏళ్లు మూలన పడి ఉన్న ‘అన్నా బొలేనా’ ఒపేరాను 1957లో ఇక్కడ పాడి మళ్లీ బతికించింది. ఆమె చేసిన పనుల్లో నాకు ఇదే అన్నిటికన్నా పెద్దది.

వెనిస్‌లో లా ఫెనీచే ఒపేరా థియేటర్ 1996లో కాలిపోయింది. 2003లో మళ్లీ తెరిచిన కొత్త కట్టడమే మనం చూసేది. అయినా వెళ్లాలి. 1949 జనవరిలో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ రాసిన బరువైన పాత్ర పాడుతూనే, జబ్బుపడ్డ మరో గాయని బదులు ‘ఇ ప్యూరితాని’ ఒపేరాలోని గమకాల పాత్రను కొద్ది రోజుల్లోనే నేర్చుకుని పాడింది ఇక్కడే. రెండిటికీ గొంతు పూర్తిగా వేరుగా ఉండాలి. ఒకే మనిషి రెండూ పాడటం చాలా అరుదు.

పారిస్ ఈసారి వదిలేశాం, ఇంతకుముందు చూశాను. 1977లో 53 ఏళ్లకే ఆమె అక్కడ పోయింది. పేర్ లాషేజ్ శ్మశానంలో పేరున్న ఫలకం ఉంది గానీ దాని వెనక అస్థికలు లేవు. 1979లో ఏజియన్ సముద్రంలో కలిపేశారు. ఒక్క ఆ ఫలకం కోసమే అయితే అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఏథెన్స్‌లో 2023లో ఆమె పేరిట మ్యూజియం తెరిచారు. ఊరి నడుమనున్న సింటాగ్మా కూడలి నుంచి నడిచి వెళ్లొచ్చు. చల్లగా, శుభ్రంగా ఉంది. ఆమె గొంతు వినడానికే గదులున్నాయి. గంటలో చూసేయొచ్చన్నారు గానీ మాకు మూడు గంటలు పట్టింది. మర్నాడు ఎపిడారస్ వెళ్లాం, రోడ్డు మీద రెండు గంటలు. క్రీస్తుకు ముందు నాటి ఆ రంగస్థలం మీద 1960లో ‘నార్మా’, మరుసటి ఏడు ‘మెదేయా’ పాడింది. అక్క పై వరుస దాకా ఎక్కి కూర్చుంది. నేను కింద మధ్యలో నిలబడి మామూలు గొంతుతో “అక్కా, వినిపిస్తోందా?” అన్నాను. పైనుంచి చెయ్యి ఊపింది.