ఆరు సదస్సులు, నాలుగు గద్దలు

ముసలైన గద్ద కొండెక్కి, ముక్కును రాయికేసి కొట్టి విరగ్గొట్టుకుని, కొత్తది మొలిచేదాక ఐదు నెలలు ఆగుతదట. మా వ్యాపారుల వార్షిక సదస్సుల ఈ కథ నలుగురు వక్తల నోట విన్న. ఓసారి ఇంటికొచ్చి మా మిల్లు హమాలీ మేస్త్రికి చెప్తే ఒక్కటే అడిగిండు: "ముక్కు లేకుంట అన్ని నెలలు ఏం తింటది సేటూ?" హాల్ల మూడొందల మంది ఉన్నం, ఎవరికీ ఈ అనుమానం రాలే.

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. 2018 నుంచి పోతున్న, కరోనాకు రెండేండ్లు జరగలే. నల్లగొండల ఫంక్షన్ హాల్ తీసుకుని ఆషాఢంల పెడ్తరు. పెండ్లిళ్లుండవు, కిరాయి తక్కువ. శాలువాలు, జ్ఞాపికలు, భోజనం సంగతి అందరికీ తెల్సిందే. నా కోపమంతా ఆ ముఖ్య అతిథి ప్రేరణ ప్రసంగం మీదనే.

2019ల వచ్చినాయన, పక్కనున్నోళ్లను కౌగిలించుకుని "నువ్వు గెలుస్తవ్" అనుమన్నడు. నా పక్కన కూసున్నది పదకొండు నెలలుగా తవుడు పైసలు బాకీ ఉన్న నూనె మిల్లాయన. నన్ను గట్టిగ పట్టుకుని, "నువ్వు గెలుస్తవ్ అన్నా" అన్నడు. ఇంక పైసలెట్లడుగుత? దసరా దాటేదాక నోరు రాలే.

అసలు చెప్పాల్సింది 2022 సంగతి. జులై 24, ఆదివారం. అంతకుముందు సోమవారం, అంటే 18 నుంచే, 25 కిలోల దాక ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ మొదలైంది. అప్పటిదాక అది రిజిస్టర్ చేసిన బ్రాండ్ల బాధ. నా దగ్గర అచ్చేసిన 25 కిలోల సంచులు నాలుగు వేలున్నయి. పన్ను కట్టాల్నా, పేరు చెరిపేస్తే సరిపోతదా? పది మందినడిగితే పన్నెండు జవాబులు.

ఆ పొద్దు హైదరాబాద్ నుంచి రావాల్సిన వక్త కారు నార్కట్‌పల్లి దగ్గర పంక్చరైంది. ఖాళీ నింపనీకి ఓ లోకల్ ఆడిటర్‌ను ఎక్కించిన్రు. చేతిల రెండు కాయితాలు, ఒక ఖాళీ సంచి. సంచి ఎత్తిపట్టి, "మీరంత పేరు చూస్తున్నరు, ఇప్పుడు చూడాల్సింది తూకం" అన్నడు. 26 కిలోల సంచి ఒక్కటే అయితే పన్ను లేదు. పది కిలోల సంచులు పదింటిని పెద్ద గోనెల పెట్టి కుట్టినా, లోపలివి విడిగ అమ్మేటివే గాబట్టి పన్ను పడ్తది. కిరాణం కొట్టాయన సంచి విప్పి కిలో, రెండు కిలోలు తూచిస్తే దానికి లేదు. నా ఎనకాల ఉన్న పెద్దమనిషి భోజనం టోకెన్ ఎనక రాసుకుంటుండు. టోకెన్ ఇచ్చేస్తే లెక్క పోతదని మల్ల నా దగ్గర కాయితం అడిగిండు. ఆ రాత్రే సంచులోళ్లకు ఫోన్ చేసి 26 కిలోలవి చెప్పిన. ఆరేండ్ల ఫీజు ఆ అరగంటల వసూలైంది.

వసూలైందంటి గానీ, అందుల పది నిమిషాలు మైకు కూతలే. మిగిలిన పాత సంచులేం చెయ్యాల్నో ఆయన చెప్పలే, నేనడిగేలోపు ముఖ్య వక్త దిగిండు. గద్ద కథ అప్పుడు రెండోసారి. నాలుగు వేల సంచులల్ల ఇప్పటికీ తవుడే నింపుతున్న.

మరుసటేడు మావోళ్లు ఆ ఆడిటర్‌నే అతిథిగ పిలిచిన్రు. చెవికి మైకు, ఎనకాల మ్యూజిక్. చిన్నప్పుడు బడికి చెప్పుల్లేక నడిచిన కథ ఇరవై నిమిషాలు, పన్ను సంగతి ఏడు నిమిషాలు. పోయినేడు మల్ల ఆయనే. నాలుగో గద్ద ఆయనదే.

పోవాల్నా వద్దా అంటే, నా మాట మీద పోకండ్రి. నాకు యాభై నాలుగు, ఉన్న మిల్లు నడిస్తే చాలు. మా తమ్ముని కొడుకు పోయినేడు ప్రసంగానికి కండ్లనీళ్లు పెట్టుకుండు. ఇంటికొచ్చి, సర్కారు వడ్లు మర పట్టి, క్వింటాలుకు 67 కిలోల బియ్యం సర్కారుకే తిరిగిచ్చే సీఎంఆర్ లెక్కలు ఇగ నేనే చూస్తనన్నడు. మూడు వారాలు చూసిండు, నిజమే చెప్పాలె, తప్పుల్లేకుంట చూసిండు. గోనె సంచుల బేరగాళ్లు కూడ అక్కడనే ఒక్కతాన దొరుకుతరు.

వచ్చే ఆషాఢంకు ఫీజు కట్టిన. నూనె మిల్లాయన మల్ల రెండు లోడ్లు బాకీ ఉన్నడు, ఆయన ఎక్కడ కూసుంటడో చూసి నేను వేరే వరుస పట్టుకుంట.