పిల్లల ఫిట్స్‌కి వాట్సాప్‌లో అమ్మే మూలికల పొడితో జాగ్రత్త

పిల్లల ఫిట్స్ పూర్తిగా పోగొడతామంటూ వాట్సాప్‌లో అమ్మే మూలికల పొడి దయచేసి కొనకండి. మా అక్క కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, దాని వల్ల ఐసీయూ దాకా వెళ్ళొచ్చింది.

డాక్టరు రాసిన మాత్రలతో పాప బాగానే ఉండేది. ఇంకెన్నేళ్ళు మింగించాలో అన్న దిగులు మాత్రం ఇంట్లో ఉంది. ఆ దిగులే వీళ్ళ పెట్టుబడి. "నలభై రోజుల కోర్సు, వేళ్ళతో సహా పోతుంది, ఇంగ్లిషు మందు ఇవాళే మానెయ్యండి" అని వాట్సాప్‌లో పొడి అమ్మేవాడొకడు చెప్పి, బావగారి దగ్గర ఆరున్నర వేలు కట్టించుకుని కొరియర్‌లో పొట్లాలు పంపాడు. వాటి మీద లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. ఆయుర్వేద మందైనా సరే ఇవి లేబుల్ మీద ఉండి తీరాలి.

చిత్రమేమిటంటే, పొడి పనిచేసినట్టే కనిపించింది. ఫిట్స్ రాలేదు. కానీ పిల్ల ఎప్పుడూ మత్తుగా ఉండేది, నడుస్తూ తూలేది, మాట ముద్దగా వచ్చేది, క్లాసులో బెంచీ మీదే నిద్రపోయేది. "మందు ఒంటికి పడుతోంది" అన్నాడా పెద్దమనిషి. రెండో విడత కొరియర్ ఆలస్యమైంది. పొడి అయిపోయాక ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగలేదు.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే ఫినోబార్బిటోన్ బయటపడింది. అది 1912 నుంచీ ఫిట్స్‌కి వాడుతున్న అల్లోపతి మందే. పిల్ల బరువు చూసి కొలిచి ఇస్తారు, ఆపాల్సివస్తే మెల్లగా తగ్గిస్తారు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి. అంటే ఇంగ్లిషు మందు వద్దన్నవాడే ఇంగ్లిషు మందు నూరి పొట్లం కట్టాడన్నమాట! డబ్బు వెనక్కి అడిగితే "పథ్యం చేయలేదు, వంకాయ పెట్టుంటారు" అని నంబరు బ్లాక్ చేశాడు.

అసలు మూర్ఛ, ఫిట్స్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. "గ్యారంటీ" అనే మాట కనిపించిందంటే అక్కడే ఆగిపోండి.

ఇంకో సంగతి. ఫిట్స్ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఒక్కటే కాదు. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, మళ్ళీ ఏమీ జరగనట్టు మామూలైపోవడం రోజులో చాలాసార్లు జరుగుతుంటే పరధ్యానం అనుకోకండి. ఏడాదిలోపు బిడ్డ నిద్రలేవగానే వరసగా తల వాల్చి ముడుచుకుపోతుంటే ఉలికిపాటు అని వదిలేయకండి. ఫోన్‌లో వీడియో తీసి పిల్లల న్యూరాలజిస్టుకి వెంటనే చూపించండి. ఫిట్ వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్ళు పోయడం వద్దే వద్దు.

మిగిలిన పొట్లాలు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు, చాట్ అన్నీ ఔషధ నియంత్రణ శాఖలో ఇచ్చాం. మీ ఇంట్లో ఇలాంటి పొడి వాడుతుంటే ఇది చదివి టక్కున మాన్పించకండి. అదే అసలు ప్రమాదం. పొట్లంతో సహా ఈరోజే పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.