కడప ఎండ, పల్లేరు ముళ్ళు, బండల నేల: నా పరుగు సరంజామా

రన్నింగ్ బూట్లు, బట్టల మీద యూట్యూబ్‌లో సమీక్షలు చెప్పేవాళ్ళు ఎక్కువమంది బెంగళూరులోనో పుణెలోనో ఉంటారు. వాళ్ళు మెచ్చుకున్న టీషర్ట్ మే నెలలో కడపకొస్తే ఏ గతి పడుతుందో వాళ్ళకేం తెలుసు! ఇక్కడ వేసవిలో పగలు 42, 43 డిగ్రీలు మామూలు. తెల్లారి ఐదింటికి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. మా బోరు నీళ్ళు ఉప్పు, చెరువు వైపు దారంతా ముళ్ళు, ఇంట్లో నున్నటి బండలు. ఏళ్ళ తరబడి వీటి మధ్య వాడి, ఉతికి, కొన్నిటిని పారేసి రాస్తున్నా. కంపెనీ పేర్లు కావాలనే రాయట్లేదు. మోడళ్ళు ఏడాదికోసారి మారతాయి; పైన పేరు అదే, లోపల సరుకు వేరు. ఏం చూసి కొనాలో మాత్రం చెబుతా.

ముందు బూట్లు. డబ్బు పెట్టాల్సింది అక్కడే. నేను పరిగెత్తేది సగం తారు రోడ్డు, సగం దేవుని కడప చెరువు వైపు మట్టి దారి. నాలుగు వానలు పడితే చాలు, దారి అంచుల్లో పల్లేరు తీగలు పాకుతాయి. ఎండాక కాయలు రాలి మట్టిలో కలిసిపోతాయి, కంటికి ఆనవు. ఇప్పుడొచ్చే తేలిక బూట్లకు అడుగున రబ్బరు మడమ దగ్గర ఒక ముక్క, వేళ్ళ దగ్గర ఒక ముక్క, అంతే. మధ్యలో ఫోమ్ బోసిగా ఉంటుంది. పల్లేరు కాయ ఆ ఫోమ్‌లోకి దిగి తిష్ఠ వేస్తుంది. కంపచెట్టు ముల్లయితే నేరుగా అరికాలిదాకా వస్తుంది. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని పిన్నీసుతో ముళ్ళు పీక్కోవడం నా పరుగులో చివరి అంకం. కాబట్టి బూటును తిరగేసి చూడండి. అడుగంతా రబ్బరు పరిచినదే తీసుకోండి. కాస్త బరువెక్కినా ఏం కాదు, మనమేం పతకాల కోసం పరిగెత్తట్లేదు.

ఆడవాళ్ళ మోడళ్ళు ముందువైపు ఇరుకుగా ఉంటాయి. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లో, వట్టికాళ్ళతో తిరిగిన పాదాలకు వేళ్ళు విచ్చుకుని ఉంటాయి కదా, ఆ ఇరుకులో చిటికెన వేలు నలిగిపోతుంది. నేను మగవాళ్ళ మోడలే తీసుకుంటా. యూకే సైజు చాలా కంపెనీల్లో ఇద్దరికీ ఒకటే, వెడల్పు మాత్రం మగవాళ్ళ వాటికి ఎక్కువ. పైగా ఆ గులాబీ రంగు బాధ తప్పుతుంది. ఎండలో పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, కనుక బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. బూట్లు సాయంత్రం పూట కొలిచి చూసుకోవడం మేలు. పైన చీలమండ దగ్గర అదనంగా ఒక రంధ్రం ఉంటుంది చూశారా, చాలామంది దాన్ని వదిలేస్తారు. లేసును అందులోంచి తిరిగి లోపలికి తీసి చిన్న ఉచ్చులా చేసి, రెండో లేసును ఆ ఉచ్చులోంచి లాగి కట్టండి. మడమ కదలదు, దిగుడు దారిలో వేళ్ళు ముందుకు జారి గోళ్ళు నల్లబడవు.

బూటు ఆయుష్షు 500 నుంచి 800 కిలోమీటర్లని అంటారు. మా రోడ్లకు నేను తక్కువ లెక్కే వేసుకుంటా. పైన గుడ్డ కొత్తగా మెరుస్తున్నా పక్కన ఫోమ్ మీద అడ్డంగా ముడతలు పడి, బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. ఉతికాక మిద్దె మీద ఎండలో పెట్టొద్దు, అంటించిన జిగురు వదిలేస్తుంది. పాత పేపరు కుక్కి ఫ్యాను కింద పెడితే రాత్రికి ఆరిపోతాయి. జిల్లా పేజీలు ఆ పనికి భేషుగ్గా సరిపోతాయి.

స్టేడియంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలని తిరిగే పిల్లలు చాలా చవక బూట్లతోనే నాకంటే రెట్టింపు వేగంతో పోతుంటారు. అది చూసి ఖరీదైనవి ఎందుకనుకోవద్దు. వాళ్ళు ఇరవై ఏళ్ళవాళ్ళు, పరీక్ష అయ్యేదాకా బూటు నిలిస్తే చాలు. నలభైకి దగ్గరపడ్డ మోకాళ్ళ లెక్క వేరు.

సాక్సుల గురించి ఒక్క మాట: నూలువి తడిస్తే బొబ్బలొస్తాయి, నైలాన్ కలిసినవి కొనండి.

ఇక మన పత్రికల్లో పెద్దగా ఎవరూ రాయని వస్తువు, స్పోర్ట్స్ బ్రా. ఆడవాళ్ళకు బూట్ల తర్వాత ముఖ్యమైనది ఇదే, కొన్నిసార్లు బూట్లకంటే ముందే. భారం మోసేది భుజాల పట్టీలు అనుకుంటాం గానీ, అసలు పని కింద ఛాతీ చుట్టూ ఉండే పట్టీది. దాని కిందికి రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. చేతులు పైకెత్తితే పట్టీ పైకి జరిగిందంటే సైజు తప్పు, లేదా పాతబడి సాగిపోయింది. తల మీంచి వేసుకునే రకం షాపులో బాగానే ఉంటుంది. పరుగయ్యాక చెమటకు ఒంటికి అతుక్కున్నదాన్ని తీయాలంటే బాత్రూంలో కుస్తీ పట్టినట్టే. వెనక కొక్కేలున్నదో ముందు జిప్పున్నదో తీసుకుంటే ఆ యాతన ఉండదు.

దాన్ని ఆరేయడం ఇంకో కథ. మన ఇళ్ళల్లో లోదుస్తుల మీద తుండు కప్పి ఆరేస్తారు. నూలువాటికి అది చెల్లింది. ఈ మందపాటి సింథటిక్ గుడ్డ తుండు కింద లోలోపల తడిగానే ఉండిపోయి ముక్క వాసన పట్టేస్తుంది. తుండు తీసేస్తే మా అత్త "ఏమ్మే, వీధి మొగాన ఆరేస్తావా?" అంటుంది. సూటి ఎండకు సాగే దారం త్వరగా చచ్చిపోతుంది కాబట్టి అటు అత్త మాట, ఇటు బట్ట మేలు రెండూ చూసి, లోపలి గదిలో ఫ్యాను కింద దండెం కట్టుకున్నా. అప్పట్నుంచీ అవి ఎక్కువ కాలం మన్నుతున్నాయి.

టీషర్టుల్లో పాలియెస్టర్ మంచిదా నూలు మంచిదా అని అడుగుతుంటారు. కడపలో దానికి జవాబు నెలను బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడి, నూలు కూడా ఇట్టే ఆరుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో నూలు టీషర్ట్ తడిగోనెలా వేలాడుతుంది, చంకల కింద ఒరుసుకుని మంట. అందుకని రోడ్డు మీదికి పాలియెస్టర్, ఇంట్లో కసరత్తుకు నూలు. ఫ్యాను కింద తడిసిన నూలు ఒంటిని చల్లబరుస్తుంది కూడా. పాలియెస్టర్‌తో వచ్చే తంటా వాసన. చెమటలోని జిడ్డును ఆ దారం వదలదు. రాగానే లోపలి పక్క బయటికి తిప్పి బకెట్లో వేసేయాలి, మూటగట్టి రేపటిదాకా ఉంచితే ఇక పోదు. ఉప్పు నీళ్ళకు సర్ఫ్ సరిగా నురగ రాదు, అందుకే ముందు కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళలో అరగంట నానబెడతా. బట్టలు మెత్తబడటానికి పోసే సువాసన ద్రవం మాత్రం వద్దు. అది దారం మీద పొరలా పట్టి, చెమట పీల్చే గుణాన్ని చెడగొడుతుంది. నల్లరంగు కూడా వద్దు. చెమట ఆరాక వీపు మీద తెల్లటి ఉప్పు గీతలు అట్లాసులో తీరరేఖల్లా కనపడతాయి.

చుడిదార్ల మీదికి అమ్మే నూలు లెగ్గింగులు పరుగుకు పనికిరావు, మోకాళ్ళ దగ్గర సంచులు పడతాయి. కొనేటప్పుడు గుడ్డలో చేయి పెట్టి సాగదీసి ట్యూబులైటు ముందు పట్టండి. వేళ్ళు కనపడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. తొడ పక్కన ఫోను పట్టే జేబు ఉండాలి. తొడలు ఒరుసుకునేవాళ్ళకు వాజిలిన్ చాలు, డబ్బా మీద రన్నర్ బొమ్మున్న క్రీములు అక్కర్లేదు. చీకట్లో వెళ్ళేవాళ్ళు వెనకవైపు మెరిసే పట్టీ ఉన్నది చూసుకోండి, లారీలవాళ్ళకు మనం కనపడాలి.

ఇంట్లో కసరత్తు కడప బండల మీద. వేసవిలో చల్లగా ఉంటాయి, కసరత్తయ్యాక వట్టి నేల మీద వెల్లకిలా పడుకుంటే ఆ సుఖం ఏ మ్యాటూ ఇవ్వదు. బండకూ బండకూ మధ్య అతుకు గీత కూడా నాకు పనికొస్తుంది. లంజ్‌లు (ఒక కాలు ముందుకేసి రెండు మోకాళ్ళూ వంచి దిగే కసరత్తు) వేసేటప్పుడు కుడికాలు గీతకు ఒక పక్క, ఎడమకాలు ఇంకో పక్క పెడితే తూలకుండా నిలబడతాం. ఇబ్బందల్లా నునుపుతోనే. చెమట చుక్క పడితే జారుడుబల్ల. 10 మి.మీ. మందమున్న మెత్తటి స్పాంజి మ్యాట్ బండల మీద నిలవలేదు. ప్లాంక్ (చేతులు, మునివేళ్ళ మీద ఒళ్ళంతా నిటారుగా ఆపి ఉంచడం) చేస్తే మణికట్లు దిగబడేవి, సాగి సాగి ఒక మూల నాలుకలా తయారైంది. 6 మి.మీ. టీపీఈ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) మ్యాట్ పట్టు ఇస్తుంది, అయితే కింద దుమ్ముంటే అదీ జారుతుంది. పరిచే ముందు తడిగుడ్డతో బండ తుడవాల్సిందే. మోకాలి కింద నొప్పెడితే తువ్వాలు మడిచి వేసుకోండి, దానికోసం మందం మ్యాట్ అక్కర్లేదు.

డంబెల్స్‌లో లోపల సిమెంటు పోసి పైన ప్లాస్టిక్ తొడిగిన చవక రకం వద్దు. నా దగ్గరున్నది అంచు పగిలి, ఎత్తినప్పుడల్లా పొడి రాలేది. ఇనుపవి కొంటే మీ మనవలదాకా ఉంటాయి. ఒకటే జాగ్రత్త, జారిపడితే బండ మూల చిట్లుతుంది. రెండు గోనె సంచులు మడిచి వేసి వాటి మీద దించుతా. కొనేలోపు 5 లీటర్ల నీళ్ళ క్యాను వాడుకోండి, అదీ 5 కిలోలే. రబ్బరు బ్యాండ్లు మాత్రం ఈ ఎండలకు ఓర్చుకోవు. కిటికీ పక్కన తగిలిస్తే వేసవి దాటేసరికి సన్నటి పగుళ్ళు. బీరువాలో పెట్టి, పౌడరు చల్లి, వాడేముందు సాగదీసి వెలుతురులో చూడాలి. పగిలినది తెగితే మొహానికే కొడుతుంది. గుడ్డతో అల్లిన చిన్న బ్యాండ్లు ఎక్కువ మన్నుతాయి. స్కిప్పింగ్ తాడు బాగానే ఉంటుంది, పైన సీలింగ్ ఫ్యాను లేని చోట.

స్మార్ట్‌వాచీ లేకపోయినా పరుగు ఆగదు. ఉంటే మాత్రం సిలికాన్ పట్టీ కింద చెమట నిలిచి దద్దుర్లు వస్తాయి, రోజూ కడిగి తుడుచుకోండి.

ఈ ఏడాది కొనాల్సినవి రెండే. ఒకటి మ్యాట్, అంచులు లేచిపోయాయి, మళ్ళీ 6 మి.మీ.దే తీసుకుంటా. రెండోది బూట్లు, పండగ ఆఫర్లలో పాత మోడల్ ధర తగ్గాక చూస్తా.