డాక్టరు గదిలో కంప్యూటరు: నాలుగేళ్లుగా అమ్మతో వెళ్తున్న నా అనుభవం

మాది కవిటి మండలం. ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బు ఉంది. నాలుగేళ్లుగా రెండు నెలలకోసారి అమ్మను శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అక్కడ చీటీ చేత్తో రాయరు, అంతా కంప్యూటరే.

మొదటి ఏడాది అమ్మకు ఆ పద్ధతి అస్సలు నచ్చలేదు. తెల్లవారుజామున సోంపేటలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఓపీలో మూడు గంటలు కూర్చుంటే లోపల దొరికేది ఐదు నిమిషాలు. అందులో సగం టైపింగుకే పోయేది. "ఆ బాబు టీవీనే సూసినాడు గానీ నా మొకం సూసినాడా?" అని బయటికొచ్చి బాధపడేది.

అది ఉత్త బాధతో పోలేదు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ గారు స్క్రీన్ చూస్తూనే అడిగేవారు. "లేదు బాబూ" అనేది. కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ అంకె (ఇది పెరిగితే కిడ్నీ దెబ్బతింటున్నట్టు) మాత్రం 1.9 నుంచి 2.6కి పోయింది. ఆ రోజు ఆయన కీబోర్డు పక్కకి నెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, అమ్మ పాదాల వాపు వేలితో నొక్కి చూస్తూ, "మోకాళ్లు నొప్పిగా ఉంటున్నాయా అమ్మా?" అన్నారు. అమ్మ చెంగు ముడి విప్పి నాలుగు మాత్రలు బల్ల మీద పెట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు. అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అమ్మ వాటిని వేసుకుంటోందని నాకే తెలీదు!

తర్వాత ఆయన మానిటర్ మా వైపు తిప్పి, ఏడాది క్రియాటినిన్ గ్రాఫ్ చూపించారు. అమ్మకు చదువు రాదు, కానీ పైకి పోతున్న ఆ గీత ఇట్టే అర్థమైంది. ఆ మాత్రలు మానేసింది. ఇప్పుడు కూర్చోగానే "గీత సూపించు బాబూ" అంటుంది. పోయిన నెల 2.2.

పాత రిపోర్టులన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి, మందుల చీటీ మెడికల్ షాపులో తేలిగ్గా చదువుతారు. ఈ రెండూ నిజంగా మేలు. అయినా జిరాక్సులు మానకండి. ఒకసారి సర్వర్ పనిచేయక పాత లెక్కలేవీ కనబడలేదు. ఆరోగ్య రికార్డుల కోసం ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు తీసుకున్నా, విశాఖలో ఇంకో ఆసుపత్రికి వెళ్తే మా రిపోర్టులు అక్కడ రాలేదు, పరీక్షలన్నీ మళ్లీ చేయించాం.

పోయిన నెల కొత్త డాక్టరమ్మ ఉన్నారు. "అమ్మా, మీరు చెప్పిందే రాసుకుంటున్నాను, ఒక్క నిమిషం" అన్నారు. అమ్మ ఆగింది. ఆవిడ టైపు చేసి తలెత్తాక, రాత్రి నిద్ర పట్టని సంగతి మొదలుపెట్టింది.