సి8 కార్వెట్: తొలిచూపులో పెట్టిన వంకలు, ఏళ్లు వాడాక మిగిలినవి

2019 జూలై 18 రాత్రి కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో షెవర్లే తన స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో ఎనిమిదో తరాన్ని, అంటే సి8ను, బయటపెట్టింది. తెల్లారేసరికి మా కార్వెట్ మిత్రులు రెండు పార్టీలుగా చీలిపోయారు. అరవై ఏళ్లకు పైగా ముందు కూర్చున్న ఇంజన్ సీట్ల వెనక్కి వెళ్లిపోయింది. పొడవాటి బానెట్ పోయింది. క్లచ్ పెడల్ అసలే లేదు. "వెనక దీపాలు కమారో (షెవర్లేదే ఇంకో కారు) దగ్గర అరువు తెచ్చినట్టున్నాయి" అని ఒకరు, "దూరం నుంచి ఫెరారీ, దగ్గరికెళ్తే షెవర్లే" అని ఇంకొకరు. స్టీరింగ్ నలుచదరంగా ఉండడమేంటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. ప్రారంభ ధర 60 వేల డాలర్ల లోపే అని, కచ్చితంగా చెప్పాలంటే 59,995 అని తెలిశాక మాత్రం తిట్టేవాళ్లు కూడా కాసేపు ఆలోచనలో పడ్డారు.

కొత్త కార్వెట్ వచ్చినప్పుడల్లా ఈ గోల మామూలే. 2005 మోడల్‌గా ఆరో తరం సి6 వచ్చినప్పుడు పైకి లేచే హెడ్‌లైట్లు తీసేశారని ఏడ్చారు. సి7కి గుండ్రటి వెనక దీపాలు పోయాయని ఏడ్చారు. కాకపోతే ఆ రెండుసార్లూ మారింది పైపై రూపమే. ఈసారి కారు ఎముకల గూడే మారింది. నేను అంతకుముందు చాలాకాలం మాన్యువల్ గేర్లున్న సి6 నడిపాను. తర్వాత పనితీరు పెంచే జెడ్51 ప్యాకేజీ, ముందు భాగాన్ని పైకి లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఉన్న సి8 కూపే కొన్నాను. అన్ని కాలాల్లోనూ నడిపాను, వెనక టైర్లు అరిగి మార్పించాను కూడా. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ రాత్రి మేం పోట్లాడుకున్న విషయాల్లో చాలావాటికి వాడకంలో చోటే లేదు. రోజూ చేతికీ నడుముకీ కంటికీ తగిలేవాటి గురించి ఆరోజు ఎవరూ నోరెత్తలేదు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది డ్రైవర్ సీటు ఉన్న చోటు. సి7తో పోలిస్తే సి8లో డ్రైవర్ 16.5 అంగుళాలు ముందుకు జరిగాడు. కాగితం మీద ఇది చిన్న అంకెలా కనబడుతుంది. సి6లో నేను దాదాపు వెనక చక్రాల మీద కూర్చునేవాణ్ణి. నా ముందు ఒక మైదానమంత బానెట్. మలుపులో స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరగడం, ఆ తర్వాత ఒక క్షణానికి నేను తిరగడం. పొడుగాటి నిచ్చెనను వెనక కొస పట్టుకుని సందులో తిప్పుతున్నట్టు ఉండేది. సి8లో నా పాదాలు ముందు చక్రాల పక్కనే ఉన్నట్టుంటాయి. డాష్‌బోర్డు కిందికి దిగిపోయి, అద్దంలోంచి రోడ్డు ఎంతో దగ్గరగా కనబడుతుంది. రెండు మడ్‌గార్డుల ఉబ్బెత్తు శిఖరాలు అటూ ఇటూ కనబడుతూ చక్రం ఎక్కడుందో చెబుతూనే ఉంటాయి.

దీని విలువ నార్త్ కరోలినా, టెనెసీ సరిహద్దులోని టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ మీద తెలిసింది. యూఎస్ 129లో 11 మైళ్లకు 318 మలుపులున్న ముక్క అది. అక్కడ వేగపరిమితి 30 మైళ్లే, కాబట్టి హార్స్‌పవర్‌తో పనిలేదు. కుడివైపు కొండ, ఎడమవైపు పసుపు గీత, ఒక మలుపు పూర్తికాకముందే ఇంకో మలుపు. సి6తో వెళ్లినప్పుడు ముక్కు గీత దాటుతుందేమోనని భుజాలు బిగుసుకుపోయేవి. సి8లో చెయ్యి కదిలీ కదలగానే ముందు భాగం లోపలికి తిరుగుతుంది. మలుపు సగంలో యాక్సిలరేటర్ కాస్త నొక్కితే వెనకనుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు కారు కుదురుగా బయటికి వస్తుంది. బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీద ఉండడం వల్ల వచ్చిన కుదురు అది. బ్రేక్ పెడల్‌కీ బ్రేకులకీ మధ్య ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉందని విని మొదట అనుమానపడ్డాను. ఆ రోడ్డు దిగేసరికి ఆ సంగతే గుర్తులేదు.

ఇంజన్ ఎందుకు వెనక్కి పెట్టారో అర్థం కావాలంటే రెండు అంకెలు చాలు. సి7 తరంలో అన్నిటికన్నా బలమైన జెడ్ఆర్1కి 755 హార్స్‌పవర్. సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి 2.85 సెకన్లని కంపెనీ లెక్క. జెడ్51 ఉన్న సి8కి 495 హార్స్‌పవరే, కానీ 2.9 సెకన్లు. ముందు ఇంజన్‌తో ఎంత బలం పెంచినా వెనక టైర్లు ఊరికే తిరిగి పొగ లేపుతాయి తప్ప రోడ్డును పట్టుకోవు. అంటే ఆ దారి అక్కడితో అయిపోయింది. కార్వెట్ ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్ ఈ సంగతి ఎప్పుడో పసిగట్టి 1960లోనే సెర్వ్ 1 అనే ప్రయోగాత్మక కారులో ఇంజన్‌ను వెనక పెట్టి చూపించాడు. తర్వాత ఎన్నో నమూనాలు తయారయ్యాయి, ఏదీ అమ్మకానికి రాలేదు. 1996లో ఆయన పోయాడు. కాబట్టి "ఇటలీవాళ్లను కాపీ కొట్టారు" అనేవాళ్లతో నేను ఇప్పటికీ వాదిస్తాను.

ఇక గేర్లు. ట్రెమెక్ తయారుచేసిన 8 గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఇది. ప్రతి గేరునూ నాకన్నా త్వరగా, నాకన్నా మెత్తగా మారుస్తుంది. నాకున్న ఫిర్యాదు కూడా అదే. సి6లో మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు మడమతో యాక్సిలరేటర్ తాకించి ఇంజన్ వేగం సరిగ్గా కుదిరిందంటే ఆ ఆనందం నాది. ఇక్కడ స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్ లాగితే కంప్యూటరే ఆ పని చేసేస్తుంది, ఎప్పుడూ తప్పదు. రెండు ప్యాడిళ్లూ ఒకేసారి లాగి పట్టుకుంటే క్లచ్ విడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్‌ను ఒకసారి గర్జింపజేయడానికి పనికొస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. ట్రాఫిక్‌లో ఎడమ మోకాలికి హాయి, ఒప్పుకుంటాను. కానీ ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఆ లోటు లోటే. వాడగా వాడగా అలవాటైపోతుందని కొందరు చెప్పారు. నాకు కాలేదు.

ఇంజన్ 6.2 లీటర్ల వీ8, పాత పద్ధతి పుష్‌రాడ్ ఇంజనే. శబ్దం ముందునుంచి కాక తల వెనకనుంచి వస్తుంది. 4,000 ఆర్పీఎం దాటాక వెన్నులో తెలుస్తుంది. హైవే మీద నిదానంగా పోతుంటే నాలుగు సిలిండర్లు ఆగిపోయి మిగతా నాలుగే పనిచేస్తాయి. అప్పుడు చెవుల్లో చిన్న గుయ్యిమనే మోత మొదలవుతుంది. దానికి బదులు మైలేజీ వస్తుంది. 2020 మోడల్‌కు హైవే మీద గ్యాలన్‌కు 27 మైళ్లని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంకె. తిన్నగా నడిపితే అది అబద్ధం కాదు. నగరంలో 15 అని రాశారు, అదీ అబద్ధం కాదు!

లోపల సీట్ల మధ్య ఏసీ బటన్లు ఒకదాని కింద ఒకటిగా పైనుంచి కిందికి దిగే గట్టు ఒకటుంది. ఫొటోల్లో చూసి అందరూ నవ్వినది ఇదే. నా మటుకు అలవాటైంది. సీటు చల్లబరిచే బటన్ ఎక్కడుందో వేలికే తెలుసు, రోడ్డు మీదనుంచి కన్ను తిప్పక్కర్లేదు. మా ఆవిడ మాత్రం మొదటి రోజే తీర్పు ఇచ్చేసింది: "మీరు గోడ అవతల, నేను ఇవతల. కారెక్కినట్టు లేదండీ, బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడినట్టుంది." 2026 మోడల్‌లో ఆ గోడ తీసేసి లోపలంతా కొత్తగా మార్చారు. ఫొటోలు చూపిస్తే "ఇది ముందే చెయ్యాల్సింది" అంది. నలుచదరం స్టీరింగ్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. పైన చదునుగా ఉండడం వల్ల మీటర్లు బాగా కనబడతాయి, అంతే.

వెనక చూపు మాత్రం నిజంగా ఇబ్బందే. ఇంజన్ మీది అద్దంలోంచి కనబడేది చీలికంత ప్రపంచం. అందుకే అద్దం స్థానంలో కెమెరా తెర వచ్చేలా ఆప్షన్ ఇచ్చారు. అది తీసుకోవాల్సిందే. కాకపోతే నాలాగా చదవడానికి కళ్లజోడు పెట్టుకునే వయసు వచ్చినవాళ్లకు ఒక చిక్కు. మామూలు అద్దంలో దూరంగా ఉన్న లారీని కన్ను దూరంగానే చూస్తుంది. తెర మీద అదే లారీని చూడాలంటే కన్ను దగ్గరికి సర్దుకోవాలి. రాత్రిపూట ఆ సర్దుబాటుకు నాకు అర క్షణం పడుతుంది. రోడ్డు మీద లేన్ మారేటప్పుడు అర క్షణం తక్కువేమీ కాదు.

సామాన్ల సంగతి మాత్రం ఆశ్చర్యం. ముందొక పెట్టె, వెనకొక డిక్కీ, రెండూ కలిపి 12.6 ఘనపుటడుగులు. ఇద్దరికి వారం ప్రయాణానికి సరిపోతుంది. ముందు పెట్టెలో చక్రాల సూట్‌కేసు, వెనక మెత్తటి సంచులు. వెనక డిక్కీ ఇంజన్‌నూ సైలెన్సర్‌నూ ఆనుకుని ఉంది కాబట్టి వేడెక్కుతుంది. పిజ్జా వెనక, ఐస్‌క్రీమ్ ముందు, మా ఇంట్లో ఇదే నియమం. టాప్ ప్యానెల్ ఊడదీసి డిక్కీలో పెడితే ఇక అక్కడ మరేమీ పట్టదు. టాపు తీసి ఊళ్లు తిరగాలనుకుంటే ఇద్దరి సామానూ ముందు పెట్టెలోకే సర్దాలి, అది కుదరదు. ఒకసారి గ్యాస్ స్టేషన్‌లో సి3 కార్వెట్ యజమాని ఒకాయన పలకరించి ఇంజన్ చూపించమన్నాడు. సరదాకి ముందు మూత తీశాను. లోపల ఒక గొడుగూ నా బూట్లూ చూసి ఆయన నావైపు చూసిన చూపు మరిచిపోలేను.

ఫ్రంట్ లిఫ్ట్‌ను కొనేటప్పుడు విలాసం అనుకునేవాళ్లున్నారు, ఖర్చు తగ్గించుకోవడానికి మొదట కొట్టేసేది కూడా దాన్నే. బటన్ నొక్కితే ముక్కు 2.8 సెకన్లలో దాదాపు 40 మిల్లీమీటర్లు లేస్తుంది, గంటకు 24 మైళ్ల వేగం వరకూ పనిచేస్తుంది. అసలు తెలివి జీపీఎస్‌లో ఉంది. ఒకసారి ఒక చోటును గుర్తుంచుకోమంటే తర్వాత అక్కడికి వచ్చేసరికి తనే లేస్తుంది. అలా 1,000 చోట్లు గుర్తుపెట్టుకోగలదు. మా డ్రైవ్‌వే మొదట్లో ఏటవాలు, ఆఫీసు పార్కింగ్ గతుకు, ఇలా ఒక్కొక్కటీ చేర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ బటన్ జోలికే పోను, ముందు బంపర్ కింది పెదవి మీద గీత లేదు.

చిన్న చిన్నవి కొన్ని. తలుపు తీసే మీట, కారు పక్కన గాలి లోపలికి వెళ్లే మార్గం పై అంచు కింద దాగి ఉంటుంది. తెలియనివాళ్లు తలుపంతా తడుముతూ ఉంటే చూడడం ఒక వినోదం. జెడ్51తో వచ్చే వేసవి టైర్లు చలికాలంలో గట్టిపడతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్క్ చేస్తుంటే ముందు చక్రాలు టకటకా ఎగురుతూ జరుగుతాయి. మొదటిసారి ఏదో విరిగిందని దిగి చూశాను. ఏమీ విరగలేదు, రబ్బరు స్వభావమే అంత. ముందు టైర్లు 245, వెనకవి 305 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి ముందువి వెనక్కి మార్చి వాడుకోవడం కుదరదు, వెనకవి ముందే అరుగుతాయి. ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి. స్టెపినీ లేదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లే దిక్కు. ఒక టైర్ల షాపులో జాకీ ఎక్కడ పెట్టాలో తెలియకుండానే కారు లేపబోయారు. అప్పటినుంచి జాకీ పాయింట్లకు సరిపోయే రబ్బరు బిళ్లలు నాలుగు ముందు పెట్టెలోనే ఉంచుకుంటున్నాను.

కొన్నప్పటి చేదు ఒక్కటే. తొలి రోజుల్లో ఒక డీలరు అసలు ధర మీద వేలకు వేలు అదనం అడిగాడు. లేచి వచ్చేశాను, వేరేచోట ఆర్డరిచ్చి ఎదురుచూశాను.

ఇప్పుడు ఇదే తరంలో ఎన్నో రకాలున్నాయి. 5.5 లీటర్ల, 670 హార్స్‌పవర్ జెడ్06 ఉంది. ముందు చక్రాలకు మోటారు తగిలించిన హైబ్రిడ్ ఈ-రే ఉంది. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు వాటివైపు చూడండి. రోడ్డు కోసమైతే మామూలు సి8 చాలు. వాడిన సి8 చూడడానికి వెళ్తే ఫ్రంట్ లిఫ్ట్ ఉన్నదే వెతకండి. లేనిదైతే మోకాళ్ల మీద కూర్చుని ముందు పెదవి కింద టార్చి వేసి చూడండి. గేర్‌బాక్స్ ఫిల్టరు వేళకు మార్పించిన రసీదు అడగండి. వెనక టైర్ల లోపలి అంచులు వేలితో తడమండి. పోటీల కోసం చేసిన బిగుతు సీట్లున్న కారైతే కనీసం అరగంట కూర్చోనిదే బేరం మొదలుపెట్టకండి. వెనక దీపాలు మీకు నచ్చుతాయో లేదో నేను చెప్పలేను. నాకు ఇప్పటికీ నచ్చలేదు.